మా ఇంట్లో నేనే అతిథినా?

చెప్తే నవ్వుతారేమో గానీ, పెళ్లయి ఇరవై నాలుగేళ్లయినా మా ఇంట్లో నేను అతిథిగానే ఉన్నానన్న సంగతి 2025 సెప్టెంబరులో ఒక కంప్యూటరు చెబితే గానీ నాకు తెలియలేదు.

మాది ప్రొద్దుటూరు. కింద బట్టల అంగడి, మిద్దె మీద కాపురం. బంగారానికీ బట్టలకీ మా ఊరు పెట్టింది పేరు. ఇక దసరా వచ్చిందంటే అమ్మవారిశాల దగ్గర్నుంచి వీధి చివరిదాకా ఇసుక వేస్తే రాలనంత జనం. మా అంగడికి ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కనిపించేది కూడా అప్పుడే. సరిగ్గా ఆ దసరాకు నెల ముందు మావారు స్కూటరు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆరు వారాలు కట్టు విప్పకూడదు, మెట్లు దిగకూడదు అన్నారు డాక్టరుగారు.

అంగట్లో అమ్మకాలు చూసుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లున్నారు. మరి లెక్కలో? ఇంటర్ చదివినదాన్ని కాబట్టి పెళ్లయిన కొత్తలో చిట్టా, ఆవర్జా నేనే రాసేదాన్ని. అంగట్లోకి కంప్యూటరు వచ్చాక ఆ పని నాకు తెలియకుండానే నా చేతిలోంచి జారిపోయింది. ఇప్పుడు మళ్లీ నా నెత్తిన పడింది. జీఎస్టీ రిటర్ను ప్రతి నెలా 20వ తేదీలోగా వేయాలి. దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద వడ్డీ అదనం. పైగా ఆ నెల 22 నుంచి రేట్లు మారుతున్నాయి. రెడీమేడ్ బట్టల్లో ఒక్కోటి 2500 రూపాయల దాకా 5 శాతం, అంతకు మించితే 18 శాతం అన్నారు. అంటే ఉన్న సరుకంతా మళ్లీ లెక్క చూసుకోవాలి.

లెక్కలుండే కంప్యూటరు కింద గల్లాపెట్టె పక్కనుంటుంది. నేనేమో పైన ఉండాలి. మంచం మీద మావారు, ఎనభై ఏళ్ల అత్తగారు, పొయ్యి మీద కుక్కరు. ఇదివరకు మా పాప చదువుకునేటప్పటి పాత ల్యాప్‌టాప్‌లో కింది కంప్యూటరులోని లెక్కల ఫోల్డరు పైనుంచే తెరుచుకునేది. ఒకే వైఫై మీద ఉన్న కంప్యూటర్లు ఒకదాని ఫోల్డరు ఇంకొకటి చూడగలవు. దాన్నే షేరింగ్ అంటారు. అయితే ఆ పాతది చార్జింగు నిలబడక మూలన పడింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14 తర్వాత మామూలుగా వచ్చే భద్రతా మరమ్మతులు ఆగిపోతాయని, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పాప విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొని పంపింది. తళతళలాడుతోంది గానీ, దాంట్లో మా అంగడి కంప్యూటరు మాత్రం కనపడలేదు.

సరే, దీనికింత హైరానా ఎందుకని పెన్‌డ్రైవు పట్టాను. కింది ఫైలు దాంట్లోకి ఎక్కించుకుని, పైన రాసుకుని, మళ్లీ తీసుకెళ్లి కింద పెట్టేదాన్ని. మూడు రోజులు బాగానే జరిగింది. నాలుగోరోజు జరిగింది చెప్తే ఇప్పటికీ నాకు తలవంపే.

జమ్మలమడుగు వైపు నుంచి చీరలు నేసి తెచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. మా మామగారి కాలం నుంచీ ఉన్న వాడుక. శనివారం డబ్బుల కోసం వచ్చాడు. అంగట్లో ఉన్న కుర్రాడు కంప్యూటరు చూసి, "నీ పేరున బాకీ ఏం లేదు పెద్దాయనా" అన్నాడు. "బుధవారం పన్నెండు చీరలు ఇచ్చి పోతిని గదప్పా, నేను అబద్ధం చెప్తానా?" అని ఆయన. నలుగురు గిరాకీలు చూస్తుండగా ఆ ముసలాయన అట్లా నిలబడిపోయాడు. మాటలు వినబడి నేను దిగి వెళ్లి బీరువా తెరిచి చూస్తే, ఆయన కట్టిన మూట ఆయన కట్టినట్టే ఉంది. పన్నెండు చీరలు, చీరకు 1450 చొప్పున 17,400 రూపాయలు.

తప్పెవరిదో అప్పుడర్థమైంది. బుధవారం రెండో కుర్రాడు ఆ చీరలు కింది ఫైలులో ఎక్కించాడు. నేను అంతకు ముందు రోజే ఎక్కించుకున్న ఫైలులో పైన బ్యాంకు లెక్కలు రాసుకుని, సాయంత్రం దాన్ని తెచ్చి కింది ఫైలు మీద పెట్టేశాను. ఆ పిల్లవాడు రాసింది తుడిచిపెట్టుకు పోయింది. పెద్దాయనకు డబ్బిచ్చి, "తప్పు నాదే" అని చెప్పాను. ఆయన నోట్లు లెక్కపెట్టుకుని, "పుస్తకంలో రాసింటే పోయేది కాదు గదమ్మా" అని మాత్రం అన్నాడు. కోప్పడి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

ఒక ఇంటికి రెండు లెక్కల పుస్తకాలు ఉండకూడదు. ఉన్న ఒక్క పుస్తకమే అక్కడా ఇక్కడా తెరుచుకోవాలి. ఆ రాత్రే పాపకు ఫోను చేశాను.

"అమ్మా, ముందు ల్యాప్‌టాప్ ఏ వైఫైలో ఉందో చూడు" అంది. చూస్తే, అది నా సెల్‌ఫోను హాట్‌స్పాట్ పట్టుకుని కూర్చుంది. కింది కంప్యూటరేమో ఇంటి వైఫై మీద ఉంది. రెండూ వేర్వేరు వీధుల్లో ఉంటే ఒకదానికొకటి ఎట్లా కనపడతాయి? దాన్ని ఇంటి వైఫైకి మార్చాను.

రెండోది, పబ్లిక్, ప్రైవేట్ అనే తేడా. కొత్త వైఫై తగలగానే విండోస్ దాన్ని పబ్లిక్ అనుకుంటుంది. అంటే బస్టాండులో కూర్చున్నట్టు లెక్క. బస్టాండులో మనం నగలు కొంగు కింద దాచుకోమూ? అదీ అట్లాగే ఎవరికీ కనపడకుండా ముడుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గరికి వెళ్లి, మన వైఫై పేరు మీద నొక్కి ప్రైవేట్ అని పెట్టాలి. పైదానికీ కిందిదానికీ రెండింటికీ పెట్టాలి సుమా. ఆ తర్వాత నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అనే రెండూ ఆన్ చేయాలి. అయితే హోటల్లో, ఆసుపత్రిలో, రైల్వేస్టేషన్లో వైఫై పట్టుకున్నప్పుడు మాత్రం పబ్లిక్‌గానే ఉంచాలి.

మూడోది, కింది కంప్యూటరు నిద్రపోకూడదు. అరగంట ఎవరూ ముట్టుకోకపోతే అది కునుకు తీస్తుంది. నిద్రపోయేవాళ్లు తలుపు తీస్తారా? అంగడి తెరిచి ఉన్నంతసేపూ నిద్రపోకుండా పవర్ సెట్టింగులో మార్చాను.

అన్నీ చేసినా జాబితాలో పేరు రాలేదు. "జాబితా సంగతి వదిలెయ్యి. ఫోల్డరు పైన అడ్రసు గడిలో వెనక్కి వాలిన గీతలు రెండు పెట్టి, పక్కనే కింది కంప్యూటరు పేరు కొట్టు" అంది పాప. పేరుతో పలక్కపోతే నెంబరుతో పిలవాలట. కింది కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే 192.168 తో మొదలయ్యే నెంబరు చూపిస్తుంది. నెంబరుతో పలికి పేరుతో పలక్కపోతే దారి బాగానే ఉన్నట్టు, చిక్కంతా పేరు దగ్గరే ఉన్నట్టు. మాకు పేరుతోనే పలికింది. లెక్కలు అనే పచ్చ ఫోల్డరు కళ్లబడగానే ప్రాణం లేచి వచ్చింది.

దాని మీద నొక్కితే మాత్రం పెద్ద ఇంగ్లీషు వాక్యం ఒకటి పడింది. మీ సంస్థ భద్రతా నియమాల ప్రకారం, ఎవరో తెలియని అతిథులను ఈ ఫోల్డరులోకి రానివ్వం అని దాని సారాంశం. మా సంస్థ ఏది? మా ఇల్లేనా? ఆ అతిథి ఎవరు? నేనేనా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటికే రాత్రి పదకొండు దాటింది. "రేపు చూద్దాంలే అమ్మా" అని పాప ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయిని పిలిపించారు మావారు. అతను చూసి, "ఏం లేదక్కా, గెస్టును రానిచ్చేటట్టు ల్యాప్‌టాప్‌లో ఒక సెట్టింగు మారుస్తే రెండు నిమిషాల్లో అయిపోతాది" అన్నాడు. నేనూ సరే అనబోయాను. అప్పుడే ఎదురింటి పిల్లవాడు పాల గిన్నె ఇవ్వడానికొచ్చాడు. పరీక్షలకు చదువుకుంటాడని వాడికి మా వైఫై పాస్‌వర్డు ఇచ్చి ఉన్నాం. మా మాటలు విని, "అత్తా, మీ లెక్కల ఫోల్డరు మా ల్యాప్‌టాప్‌లో కనపడతాంది. తెరిస్తే తెరుచుకుంటాంది గూడా. మీకు తెలుసనుకున్నా" అన్నాడు అమాయకంగా.

నా గుండె జారిపోయింది. ఆ ఫోల్డరులో అప్పులు అని ఒక ఫైలుంది. ఎవరికెంత బాకీ, ఏ నగ ఏ బ్యాంకులో తాకట్టు, అన్నీ దాంట్లోనే. పిల్లవాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే మా ఇంటి గుట్టు వీధిలో పడేది.

మరమ్మతు చేసే అబ్బాయికి మజ్జిగ ఇచ్చి, "ఇప్పటికి ఏమీ ముట్టుకోవద్దు నాయనా" అని పంపించేశాను.

ఆ రాత్రి పాప అంతా విడమరిచి చెప్పింది. ఎప్పుడో ఎవరో మా కింది కంప్యూటరులో పాస్‌వర్డు అడిగే పద్ధతి తీసేసి, ఆ ఫోల్డరుకు ఎవ్రీవన్ అని పెట్టారు. అంటే, వైఫైలోకి వచ్చిన ప్రతివారూ పేరు చెప్పకుండా అతిథిగా లోపలికి పోవచ్చు. పాత ల్యాప్‌టాప్ నన్ను ఇన్నేళ్లూ అట్లాగే తీసుకుపోయింది. మా కొత్తదాంట్లో ఉన్నది విండోస్ 11 ప్రో. 2024లో వచ్చిన మార్పు నుంచి, మనం ప్రత్యేకంగా చెబితే తప్ప అది అతిథిగా పోవడానికి ఒప్పుకోదు. అంటే అది చెడిపోలేదు, దాని బుద్ధి అది చూపించింది.

"ఈ జాగ్రత్త ఊరికే పెట్టలేదమ్మా" అని 2017 మే నెల సంగతి చెప్పింది. వానాక్రై అనే వైరసు ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే ఏర్పాటు ఉంది చూడండి, విండోస్‌లో దాని పాత పద్ధతిలో ఉన్న లోపం గుండానే అది ఒకదాన్నుంచి ఇంకొకదానికి పాకింది. ఆ లోపానికి మరమ్మతు అంతకు రెండు నెలల ముందే మార్చిలో వచ్చినా చాలామంది వేసుకోలేదు. అందుకని, షేరింగ్ పనిచేయలేదంటే ఎస్ఎంబీ 1 ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ పాత పద్ధతి అదే.

"మరి నేనెట్లా పోవాలి?" అన్నాను.

"ఆ కంప్యూటరులో నీ పేరే లేదమ్మా. నాన్న పేరుంది, అంగడి పేరుంది. నువ్వెవరో దానికి తెలీదు. నీ పేరు పెట్టు."

అంతే. ఇంటి తాళాలు, బీరువా తాళాలు నా కొంగున ఉన్నాయి గానీ, లెక్కల్లో నా పేరు ఎవరూ రాయలేదు. ఎవరినీ అనడానికి లేదు, నేనూ అడగలేదు.

కింది కంప్యూటరులో సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్స్‌లో కొత్త యూజరును చేర్చే చోటికి వెళ్లాను. "అమ్మ అని పెట్టనా?" అంటే, "నీ పేరు లేదా ఏంది?" అంది పాప. నా పేరే కొట్టాను. పాస్‌వర్డు పెట్టకుండా వదిలేద్దామనుకున్నా గానీ, పాస్‌వర్డు లేని పేరును విండోస్ పక్క కంప్యూటరు నుంచి రానివ్వదట. ఇంకో మాట. కంప్యూటరు తెరవడానికి కొట్టే నాలుగంకెల పిన్ను వేరు, ఈ పాస్‌వర్డు వేరు. పిన్ను కొట్టి లోపలికి రానివ్వలేదని తలబాదుకునేవాళ్లు చాలామంది ఉన్నారట.

తర్వాత ఫోల్డరు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ దగ్గర ఎవ్రీవన్ తీసేసి నా పేరు, మావారి పేరు చేర్చాను. పాస్‌వర్డు అడిగే పద్ధతి మళ్లీ ఆన్ చేశాను. పైకి వచ్చి చూస్తే ఇంకా రానివ్వలేదు. ల్యాప్‌టాప్‌కు పాత జ్ఞాపకం పోలేదు మరి. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ అని ఉంటుంది. అందులో కింది కంప్యూటరు పేరు మీద దాచుకున్నది తీసేసి, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాక పేరూ పాస్‌వర్డూ అడిగింది. కొట్టాను. తెరుచుకుంది!

సంతోషంగా ఆ పెద్దాయన చీరలు ఎక్కించి సేవ్ నొక్కితే, రాయడానికి అనుమతి లేదంది. ఇది చివరి మెలిక. ఫోల్డరుకు రెండు వాకిళ్లుంటాయి. షేరింగ్ దగ్గర పర్మిషన్స్ అని ఉండేది వీధి వాకిలి. సెక్యూరిటీ అని ఉండేది లోపలి గది వాకిలి. బయటినుంచి వచ్చేవాళ్లు రెండూ దాటాలి. రెండింట్లో ఏది గట్టిగా ఉంటే దాని మాటే చెల్లుతుంది. నాకు వీధి వాకిలి దగ్గర చదవడానికి మాత్రమే అనుమతి ఉంది. అక్కడ ఛేంజ్, లోపల మాడిఫై అని రెండు చోట్లా టిక్కు పెట్టాక రాసింది నిలిచింది. ఫుల్ కంట్రోల్ ఇవ్వాల్సిన పని లేదు.

ఇప్పుడు ఫైలు ఒక్కటే. కింద కుర్రాడు తెరిచి రాస్తుంటే, నాకు పైన ఇంకొకరు తెరిచి ఉన్నారని చెప్తుంది. అతను మూసేదాకా ఆగుతాను. అంతలో చింతపండు నానేసుకుంటాను. షేరింగ్ ఉంది కదా అని ధీమా పనికిరాదు. ఆ ఒక్క ఫైలూ పోతే రెండు చోట్లా పోయినట్టే. అందుకని శుక్రవారం శుక్రవారం పెన్‌డ్రైవులోకి ఒక నకలు తీసి బీరువాలో పెడుతున్నాను. పెన్‌డ్రైవు పని అదీ, మోసుకు తిరగడం కాదు.

రిటర్ను 18వ తేదీ సాయంత్రానికే వేసేశాం. దసరా గిరాకీ ముగిశాక కింది కంప్యూటరును కూడా 11కి మార్చుకున్నాం. ఎదురింటి పిల్లవాడు పాస్‌వర్డు మార్చొద్దని బతిమాలితే, వాళ్లకోసం రౌటరులోనే గెస్టు వైఫై అని వేరేగా పెట్టించాను. ఇంటర్నెట్టు వస్తుంది, మా కంప్యూటర్లు కనపడవు. అతిథులను ఎక్కడ కూర్చోబెట్టాలో అక్కడే కూర్చోబెట్టాలి కదా. మావారు మంచం మీద నుంచి ఇదంతా చూసి, "నా కాలు విరిగితే గానీ నీ పేరు ఎక్కలేదన్నమాట" అన్నారు. మా అత్తగారు వక్క నములుతూ, "ఆ తాళం గూడా కొంగున కట్టుకుంటివా?" అని నవ్వింది.

మీ ఇంట్లో ఒక కంప్యూటరే ఉండొచ్చు, అంగడీ లేకపోవచ్చు. కరెంటు బిల్లులు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు మాత్రం దాంట్లోనే ఉంటాయి. అవి ఎవరి పేరు మీద తెరుచుకుంటాయో ఒకసారి అడిగి చూడండి. మీ పేరు లేకపోతే, ఎవరి కాలూ విరగకముందే ఎక్కించుకోండి.

దసరాకు రెండు రోజుల ముందు జమ్మలమడుగు పెద్దాయన ఎనిమిది చీరలు తెచ్చాడు. ఆయన ఎదురుగానే ఫైలులో ఎక్కించి, తెర ఆయన వైపు తిప్పి పేరూ అంకే చూపించాను. కాగితం మీద కూడా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన తెర వంక చూడనే లేదు. కాగితం మాత్రం నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రంగా దాచుకున్నాడు.